ఈస్టర్ అనాలా? పస్కా అనాలా? పునరుత్థాన పండుగ అనాలా? క్రైస్తవుల పెద్ద పండుగకు అసలు పేరేంటి?

చార్మినార్, హైదరాబాద్: "హ్యాపీ ఈస్టర్" అని స్టేటస్ పెడితే చాలు, కాసేపటికి ఎవరో ఒకరి నుంచి మెసేజ్ వస్తుంది. "ఈస్టర్ అనేది బైబిల్‌లో లేని మాట. అది ఒక అన్య దేవత పేరు. నిజమైన విశ్వాసి ఆ పేరు పలకడు. పునరుత్థాన పండుగ అనండి" అని. దానికి ఒక దేవత బొమ్మ, పక్కన గుడ్డు, కుందేలు బొమ్మలు కూడా జత చేస్తారు. ప్రతి ఏటా గుడ్ ఫ్రైడే దగ్గర పడే కొద్దీ తెలుగు క్రైస్తవ కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గొడవ.

పేరులో ఏముందిలే అని కొట్టిపారేసే విషయం కాదిది. అరవై, డెబ్బై ఏళ్లుగా ఈస్టర్ తెల్లవారుజామున చర్చికి వెళ్తున్న పెద్దావిడ దగ్గరికి వెళ్లి "ఇన్నాళ్లూ నువ్వు చేసింది దేవత పండుగ" అంటే ఆమె మనసుకు ఎంత కష్టంగా ఉంటుంది? ఒకే ఇంట్లో అన్న ఒక సంఘానికి, తమ్ముడు ఇంకో సంఘానికి వెళ్తుంటే, ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకోవడం కూడా ఇబ్బందే. పక్కింటి హిందువులు, ముస్లింలు విష్ చేద్దామన్నా ఏమనాలో తెలియదు.

మరి ఈ మాట ఎక్కడిది? దేవత కథ నిజమేనా? తెలుగు బైబిల్‌లో ఏ పదం ఉంది? పాతబస్తీ ఉర్దూలో ఈ పండుగను ఏమంటారు? పూర్తి వివరాలు చూద్దాం.

ముఖ్యాంశాలు

• తొలి శతాబ్దాల క్రైస్తవులు ఈ పండుగను పిలిచిన పేరు "పస్కా". "ఈస్టర్" తర్వాత వచ్చిన ఇంగ్లిష్ మాట.
• "ఈస్టర్" వెనుక ఒక దేవత ఉండొచ్చన్న మాటకు ఒక పాత రచన ఆధారం. అయితే ఆమె బాబిలోన్ దేవత ఇష్తార్ కాదు.
• తెలుగు బైబిల్‌లో "పస్కా", "పునరుత్థానము" ఉన్నాయి. "ఈస్టర్" లేదు.
• ఉర్దూ "ఖియామత్", తెలుగు "ఉత్థానం", గ్రీకు "అనస్తాసిస్" మూడింటి మూలార్థం ఒక్కటే: లేచి నిలబడటం.

అసలు ఈ పండుగ ఏంటి?

శుక్రవారం సిలువపై చనిపోయిన యేసుక్రీస్తు మూడో రోజు, అంటే ఆదివారం తెల్లవారేసరికి సమాధి నుంచి తిరిగి లేచాడన్నది క్రైస్తవుల నమ్మకం. ఆ రోజును గుర్తు చేసుకునేదే ఈ పండుగ. క్రిస్మస్‌కు లైట్లు, స్టార్లు, హడావుడి ఎక్కువ కాబట్టి అదే పెద్ద పండుగ అనుకుంటాం. కానీ క్రైస్తవ విశ్వాసానికి అసలు పునాది ఇదే. యేసు పుట్టిన రోజును పండుగ చేసుకోవడం కంటే ముందే పస్కా పండుగ ఉంది.

ఏటా తేదీ మారుతుంది. మార్చి 21 నాడు గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమిని చూసి, దాని తర్వాతి ఆదివారాన్ని లెక్కిస్తారు. అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్యలో ఎప్పుడైనా రావచ్చు. 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. ఎప్పుడూ ఆదివారమే కాబట్టి సెలవుల జాబితాలో మనకు కనిపించేది గుడ్ ఫ్రైడేనే.

"ఈస్టర్" అనే మాట ఎక్కడ పుట్టింది?

ఈ చర్చ మొత్తం ఒక సన్యాసి రాసిన కొన్ని వాక్యాల దగ్గర మొదలవుతుంది. ఆయన పేరు బీడ్. ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియాలో ఉండేవాడు. క్రీస్తుశకం 725లో కాలగణన మీద లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. అందులో పాత ఇంగ్లిష్ నెలల పేర్లు వివరిస్తూ, ఏప్రిల్ ప్రాంతంలో వచ్చే నెలను "ఎయోస్టుర్ మోనత్" అనేవారని, పూర్వం "ఎయోస్ట్రె" అనే దేవతకు ఆ నెలలో వేడుకలు చేసేవారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్పాడు. తన కాలంలో పస్కా రోజులను జనం ఆ పాత పేరుతోనే పిలుస్తున్నారని కూడా రాశాడు.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా గమనించాలి. బీడ్ మాట ప్రకారం దేవత పేరు నెలకు వచ్చింది. ఆ నెలలో వచ్చే పండుగకు నెల పేరు అంటుకుంది. దేవత పండుగనే తెచ్చి క్రైస్తవులు తమ పండుగగా మార్చుకున్నారని ఆయన ఎక్కడా చెప్పలేదు.

పైగా ఎయోస్ట్రె గురించి నేరుగా చెప్పిన పాత రచన బీడ్‌ది ఒక్కటే. ఆమె గుడి, విగ్రహం, కథ, ఏవీ దొరకలేదు. 1835లో జర్మన్ భాషావేత్త యాకబ్ గ్రిమ్ జర్మన్ పురాణాల మీద పెద్ద పుస్తకం రాస్తూ, జర్మనీలో కూడా "ఓస్తారా" అనే దేవత ఉండి ఉంటుందని ఊహించాడు. చిన్నపిల్లల కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన ఈయనే. ఇప్పుడు ఫోన్లలో తిరిగే కుందేలు, గుడ్డు, దేవత బొమ్మల్లో చాలా భాగం ఆ ఊహ మీద తర్వాతి తరాలు కట్టుకున్న కథే.

అలాగని బీడ్ కట్టుకథ చెప్పాడనీ అనలేం. 1958లో జర్మనీలోని మోర్కెన్ హార్ఫ్ దగ్గర రోమన్ కాలం నాటి 150కి పైగా శాసనాలు బయటపడ్డాయి. వాటిలో "ఆస్ట్రియాహెనే" అనే మాతృదేవతల పేరు ఉంది. ఆ పేరుకు, ఎయోస్ట్రెకు భాషా సంబంధం ఉందని కొందరు పండితులు అంటారు. ఇంకొందరు అసలు ఈ మాటకు దేవతతో పనే లేదని, "తూర్పు", "తెల్లవారుజాము" అనే అర్థాలున్న పాత ధాతువు నుంచి వచ్చిందని అంటారు. ఇంగ్లిష్‌లో తూర్పును ఈస్ట్ అనడం మనకు తెలిసిందే. యేసు లేచింది తెల్లవారుజామున కాబట్టి ఆ మాట కుదిరిందన్నది వారి వాదన. ఈ చర్చ ఇంకా తేలలేదు.

ఇష్తార్‌తో లింక్ ఉందా?

సోషల్ మీడియాలో ఎక్కువగా తిరిగేది ఇదే. "ఈస్టర్ అంటే ఇష్తార్. బాబిలోన్ కామదేవత" అని. వినడానికి రెండు పేర్లూ దగ్గరగా ఉంటాయి కాబట్టి చాలామంది నమ్మేస్తారు.

ఈ వాదనను బాగా ప్రచారంలోకి తెచ్చింది స్కాట్లండ్ పాస్టర్ అలెగ్జాండర్ హిస్లాప్. 1853లో చిన్న పుస్తకంగా, 1858లో పెద్ద పుస్తకంగా "ది టూ బాబిలోన్స్" అచ్చు వేశాడు. రోమన్ కాథలిక్ ఆచారాలన్నీ బాబిలోన్ నుంచి వచ్చాయని నిరూపించడమే ఆయన లక్ష్యం. అందులో భాగంగా ఈస్టర్‌ను ఇష్తార్‌కు ముడిపెట్టాడు. భాషా శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోరు.

కారణం సింపుల్. ఇష్తార్ అనేది మెసొపొటేమియాలోని అక్కాడియన్ భాష పేరు. ఆ ప్రాంతానికి దగ్గరగా ఉన్న సిరియా, పాలస్తీనా, ఆసియా మైనర్ క్రైస్తవులు ఈ పండుగను పస్కా అనే పిలిచారు. "ఈస్టర్" అనే మాట వినిపించింది అక్కడికి వేల కిలోమీటర్ల దూరంలోని ఇంగ్లండ్‌లో. బాబిలోన్ దేవత పేరే కారణమైతే ఆ పేరు ముందు బాబిలోన్ పక్కన ఉన్న క్రైస్తవుల నోట రావాలి కదా. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

మరి మొదటి క్రైస్తవులు ఏమన్నారు?

"పస్కా". గ్రీకులో, అరమాయిక్‌లో దాదాపు ఇదే పలుకుబడి. హీబ్రూలో "పెసహ్". ఈజిప్టులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు మోషే నాయకత్వంలో బయటపడిన రాత్రిని గుర్తు చేసుకునే యూదుల పండుగ ఇది. ఆ రాత్రి గొర్రెపిల్లను వధించి, దాని రక్తాన్ని గుమ్మాలకు పూసిన ఇళ్లను మరణం దాటి వెళ్లిపోయిందని బైబిల్ చెబుతుంది. మూసా ప్రవక్త, ఫిరౌన్ కథగా పాతబస్తీ ముస్లింలకూ ఈ ఘట్టం సుపరిచితమే.

యేసును సిలువ వేసింది సరిగ్గా పస్కా పండుగ రోజుల్లోనే. దాంతో తొలి క్రైస్తవులు ఆయనే తమ పస్కా గొర్రెపిల్ల అన్నారు. పండుగకు అదే పేరు ఉంచుకున్నారు. రెండో శతాబ్దంలో సార్దీస్ బిషప్ మెలితో ఇచ్చిన ప్రసంగం ఒకటి ఇప్పటికీ దొరుకుతోంది. దాని పేరే "పస్కా గురించి".

ఆసక్తికరమైన విషయం ఏంటంటే, ఆ రోజుల్లోనూ ఈ పండుగ మీద గొడవ జరిగింది. అది పేరు గురించి కాదు, తేదీ గురించి. యూదుల నీసాను నెల 14వ తేదీనే చేయాలని ఆసియా మైనర్ సంఘాలు, కచ్చితంగా ఆదివారమే చేయాలని రోమ్ సంఘం పట్టుబట్టాయి. క్రీస్తుశకం 155 ప్రాంతంలో స్ముర్న బిషప్ పాలికార్ప్ రోమ్ వెళ్లి అక్కడి బిషప్ అనిసేటస్‌తో మాట్లాడాడు. ఇద్దరూ ఒకరినొకరు ఒప్పించలేకపోయారు. అయినా కలిసి ప్రభువు బల్లలో పాల్గొని, సమాధానంగానే విడిపోయారని చర్చి చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. 325లో జరిగిన నైసియా సభ అందరూ ఒకే ఆదివారం చేయాలని తీర్మానించింది. అన్నేళ్ల గొడవలోనూ పండుగ పేరు పస్కానే.

తెలుగు బైబిల్‌లో ఏముంది?

"ఈస్టర్ బైబిల్‌లో లేదు" అనే మాట తెలుగు బైబిల్ వరకు నిజమే. మన ఇళ్లలో ఉండే "పరిశుద్ధ గ్రంథము"లో ఈ మాట కనిపించదు. పాత నిబంధనలోనూ, కొత్త నిబంధనలోనూ "పస్కా" అనే ఉంటుంది.

ఇంగ్లిష్‌లో మాత్రం ఒక చిక్కు ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం 4వ వచనంలో "ఈస్టర్" అని ఉంది. హేరోదు రాజు పేతురును జైల్లో పెట్టిన సందర్భం అది. గ్రీకు మూలంలో అక్కడున్నది పస్కా అనే పదమే. కొత్త నిబంధనలో ఆ గ్రీకు పదం 29 సార్లు వస్తే, కింగ్ జేమ్స్ అనువాదకులు 28 చోట్ల "పాసోవర్" అని, ఈ ఒక్కచోట "ఈస్టర్" అని పెట్టారు. తెలుగు బైబిల్ తెరిచి అదే వచనం చూడండి. అక్కడ పస్కా పండుగ అనే ఉంటుంది. అంటే ఈ విషయంలో మన తెలుగు బైబిలే గ్రీకు మూలానికి దగ్గరగా ఉంది.

ఇంగ్లిష్‌లో ఆ మాట ఎందుకు మిగిలింది? అంతకుముందు కొత్త నిబంధనను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన విలియం టిండేల్ పస్కాకు "ఈస్టర్" అనే మాటే వాడాడు. ఆయనకు అది యూదుల పండుగకూ, క్రైస్తవుల పండుగకూ కలిపి ఇంగ్లిష్‌లో ఉన్న మామూలు పేరు. "పాసోవర్" అనే మాటను 1530లో మోషే పుస్తకాలను అనువదించేటప్పుడు ఆయనే తయారు చేశాడు. జర్మన్‌లో మార్టిన్ లూథర్ కూడా "ఓస్టర్న్" అనే వాడాడు. బైబిల్‌ను జనం భాషలోకి తేవడానికి జీవితాన్నే పణంగా పెట్టిన మనిషి టిండేల్. 1536లో ఆయన్ను చంపేశారు. అలాంటి వ్యక్తి దేవత పేరు ప్రచారం చేయడానికి ఆ మాట వాడాడని అనుకోగలమా?

మన దగ్గరికి "ఈస్టర్" ఎలా వచ్చింది?

తెలుగు నేల మీద 19వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ మిషన్లు పెట్టిన వారిలో ఎక్కువమంది ఇంగ్లిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చారు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ అమెరికా నుంచి, 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చిని కట్టించిన పాస్నెట్ ఇంగ్లండ్ నుంచి వచ్చారు. వారితో పాటే క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ అనే మాటలూ వచ్చాయి. స్కూలు, హాస్పిటల్, స్టేషన్ మనవైపోయినట్టే ఇవీ తెలుగు మాటలైపోయాయి.

కాథలిక్కుల దారి వేరు. వారి ఆరాధన భాష లాటిన్. హైదరాబాద్‌కు వచ్చిన కాథలిక్ మిషనరీల్లో ఇటలీ వాళ్లు చాలామంది. లాటిన్‌లో ఈ పండుగ పేరు పాస్కా, ఇటాలియన్‌లో పాస్క్వా. అందుకే తెలుగు కాథలిక్ చర్చిల్లో ఇప్పటికీ పాస్కా పండుగ, పాస్కా జాగరణ, పాస్కా క్రొవ్వొత్తి అనే మాటలు వినిపిస్తాయి. చార్మినార్ నుంచి అబిడ్స్ వైపు వెళ్తే గన్‌ఫౌండ్రీలో ఉండే సెయింట్ జోసఫ్ కెథడ్రల్ కాథలిక్కులదే.

అంటే ఒకే నగరంలో, ఒకే పండుగకు, ఏ దేశం మిషనరీ వచ్చాడన్నదాన్ని బట్టి ఒక చర్చిలో ఒక పేరు, ఇంకో చర్చిలో ఇంకో పేరు స్థిరపడ్డాయి. తెలుగువాళ్లెవరూ పాత ఇంగ్లిష్ దేవతను చూసి ఆ పేరు ఎంచుకోలేదు.

"పునరుత్థానం" మాటేంటి?

మూడు పేర్లలో అర్థం నేరుగా చెప్పేది ఇదే. పునః అంటే మళ్లీ, ఉత్థానం అంటే పైకి లేవడం. జరిగిందేమిటో పేరులోనే ఉంది. తెలుగు బైబిల్‌లో "పునరుత్థానము" చాలాచోట్ల వస్తుంది. అందుకే "పునరుత్థాన పండుగ", "పునరుత్థాన ఆదివారం" అనే వాడుక ఇప్పుడు పెరుగుతోంది. ఇది మంచి పరిణామమే. ఈస్టర్ అంటే ఏంటో తెలియని పక్కింటివాళ్లకు కూడా ఈ మాట వింటే విషయం అర్థమవుతుంది.

కానీ "ఈస్టర్‌కు అన్య మూలం ఉంది, కాబట్టి వదిలేయాలి" అనే లెక్కతో దీన్ని ఎంచుకుంటే చిక్కు వస్తుంది. ఉత్థానం కూడా క్రైస్తవులు పుట్టించిన మాట కాదు. శ్రీమహావిష్ణువు యోగనిద్ర నుంచి మేల్కొనే రోజుగా హిందువులు కార్తీక శుద్ధ ఏకాదశిని జరుపుకుంటారు. దాన్ని ఉత్థాన ఏకాదశి అంటారు. బైబిల్ అనువాదకులు ఆ సంస్కృత మాటనే తీసుకుని కొత్త అర్థానికి వాడారు.

అదే లెక్క వేస్తే మన క్యాలెండర్ మొత్తం మార్చాలి. ఆదివారం అంటే ఆదిత్యుడి వారం, సూర్యుడి రోజు. అందుకే కొందరు పాస్టర్లు "ప్రభువు దినం" అంటారు. కానీ చర్చి బోర్డు మీద "ఆదివారం ఆరాధన" అని రాసినంత మాత్రాన అక్కడ సూర్యుడిని పూజిస్తున్నారని ఎవరూ అనరు. మార్చి నెల పేరు రోమన్ల యుద్ధ దేవుడు మార్స్ నుంచి వచ్చింది. మార్చి 28న పండుగ చేసుకుంటే మార్స్‌ను తలచుకున్నట్టు కాదు. మాట ఎక్కడ పుట్టింది అన్నది ఒక ప్రశ్న. ఇప్పుడు పలికేవాడి మనసులో ఏముంది అన్నది వేరే ప్రశ్న.

పాతబస్తీ ఉర్దూలో "ఈద్ ఎ ఖియామత్"

ఇక చార్మినార్ చుట్టుపక్కల వినిపించే ఉర్దూకు వద్దాం. ఉర్దూ మాట్లాడే క్రైస్తవులు ఈ పండుగను "ఈద్ ఎ ఖియామత్ ఉల్ మసీహ్" అంటారు. మసీహ్ ఖియామత్ పండుగ అని అర్థం. యూదుల పస్కాకు ఉర్దూ బైబిల్‌లో "ఫసహ్" అని ఉంటుంది.

"ఖియామతా? అది ప్రళయం కదా?" అని డౌట్ రావచ్చు. మన వాడుకలో క్యామత్ అంటే లోకం అంతమయ్యే రోజే. 1988లో ఆమిర్ ఖాన్ సినిమా టైటిల్‌తో ఆ మాట తెలుగువాళ్లకూ బాగా తెలిసింది. కానీ దాని అరబ్బీ మూలార్థం ప్రళయం కాదు, లేచి నిలబడటం. నమాజులో నిలబడటాన్ని "ఖియామ్" అంటారు, అదీ ఈ కుటుంబం మాటే. చనిపోయిన వారంతా అల్లా ముందు లేచి నిలబడే రోజు కాబట్టి ఇస్లాంలో ఆ రోజుకు ఖియామత్ అని పేరు.

విశ్వాసాలు మాత్రం వేరు. ఇస్లాంలో హజ్రత్ ఈసా గౌరవనీయుడైన ప్రవక్త. ఆయన సిలువపై చనిపోయారని ఇస్లాం అంగీకరించదు. కాబట్టి ఈ పండుగ ముస్లింలకు లేదు. కానీ మాట ఇద్దరిదీ. యెరూషలేములో యేసు సమాధి ఉన్న చోట కట్టిన చర్చిని అరబ్బీలో "కనీసత్ అల్ ఖియామా" అంటారు. కేరళ సిరియన్ క్రైస్తవుల ఆరాధన భాష సిరియాక్‌లో పునరుత్థానాన్ని "ఖ్యామ్తా" అంటారు. ఇప్పుడు మూడు మాటలు పక్కపక్కన పెట్టండి. సంస్కృతం నుంచి వచ్చిన మన ఉత్థానం, అరబ్బీ నుంచి వచ్చిన ఖియామత్, కొత్త నిబంధనలోని గ్రీకు మాట అనస్తాసిస్. మూడింటికీ అసలు అర్థం లేచి నిలబడటమే.

ఉప్పుగూడలో ఇంకో పేరు నిద్రిస్తోంది

చార్మినార్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, పాతబస్తీలోని ఉప్పుగూడలో 17వ శతాబ్దం నాటి ఆర్మేనియన్ శ్మశానం ఉంది. గోల్కొండ రాజ్యంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన ఆర్మేనియన్ క్రైస్తవుల సమాధులు అవి. ఇంగ్లిష్ మిషనరీలు ఇక్కడ చర్చిలు కట్టడానికి ఎంతో ముందే హైదరాబాద్‌లో క్రైస్తవులు ఉన్నారనడానికి ఆ రాళ్లే సాక్ష్యం.

ఆర్మేనియన్ల భాషలో ఈ పండుగ పేరు ఈస్టరూ కాదు, పస్కా కూడా కాదు. "జాతిక్" అంటారు. వారి బైబిల్‌లో పస్కాకు కూడా అదే మాట. పునరుత్థానానికి వారికి "హారుత్యున్" అనే వేరే మాట ఉంది. ప్రపంచంలోనే మొదట క్రైస్తవాన్ని రాజ్యమతంగా స్వీకరించిన దేశాల్లో ఆర్మేనియాది ముందు వరుస. అంత పాత సంఘానికి సొంత పేరు ఉంది. ఆ పేరు వల్ల వాళ్ల విశ్వాసం తగ్గిందని ఎవరూ అనలేదు.

రంజాన్, రమదాన్ చర్చ గుర్తుందా?

పాతబస్తీ వాళ్లకు ఇలాంటి చర్చ కొత్తేం కాదు. తరతరాలుగా ఇక్కడ "రంజాన్" అంటారు. ఇది ఫార్సీ, ఉర్దూ పలుకుబడి. గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు, అరబ్బీ చదివినవాళ్లు కొందరు "రమదాన్" అనాలంటారు. "ఖుదా హాఫిజ్" బదులు "అల్లా హాఫిజ్" అనాలన్న వాదన కూడా అలాంటిదే. ఖుదా ఫార్సీ మాట, ఖురాన్‌లో లేదన్నది వారి పాయింట్. అయినా చార్మినార్ బజార్లో రెండు మాటలూ వినిపిస్తాయి, రెండూ అందరికీ అర్థమవుతాయి. ఏ మాట అన్నా ఉపవాసం మారదు.

తెలుగు ఊళ్లలో మొహర్రంను పీర్ల పండుగ అంటారు. అరబ్బీ పుస్తకాల్లో ఆ పేరు ఉండదు. జనం తమ కంటికి కనిపించిన దాన్ని బట్టి పెట్టుకున్న పేరు అది.

తెలుగు క్రైస్తవులు పెట్టుకున్న సొంత పేరు

అచ్చం అలాగే ఈ పండుగకూ తెలుగులో ఒక సొంత పేరు ఉంది: "సమాధుల పండుగ". చాలా ఊళ్లలో పండుగకు ముందే కుటుంబాలు తమ పెద్దల సమాధులను కడిగి, సున్నం వేసి సిద్ధం చేస్తాయి. ఆదివారం తెల్లవారకముందే పూలు, కొవ్వొత్తులతో శ్మశానానికి వెళ్తారు. చీకట్లో వెలుగుతున్న కొవ్వొత్తుల మధ్య పాటలు పాడి, ప్రార్థన చేసి, అక్కడి నుంచి చర్చికి వెళ్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడ లాంటి క్రైస్తవ శ్మశానాల్లోనూ ఈ సందడి కనిపిస్తుంది.

ఇంగ్లిష్ పేరు గురించి, గ్రీకు పేరు గురించి వాదించుకునేటప్పుడు ఈ పేరు ఎవరికీ గుర్తు రాదు. కానీ "యేసు సమాధి ఖాళీ అయింది కాబట్టి మా అమ్మ సమాధి కూడా చివరి మజిలీ కాదు" అన్న ఆశ ఇందులో ఉంది. పండితులెవరూ పెట్టని పేరైనా పండుగ సారం మొత్తం చెబుతుంది.

ప్రపంచంలో ఎవరేమంటారు?

• పస్కా నుంచి వచ్చినవి: గ్రీకు, రష్యన్, ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీస్, ఫ్రెంచ్, డచ్, స్వీడిష్ భాషల్లో.
• పునరుత్థానం అనే అర్థంలో: సెర్బియన్, క్రొయేషియన్, జార్జియన్, చైనీస్, జపనీస్ భాషల్లో.
• "గొప్ప రాత్రి" అనే అర్థంలో: పోలిష్, చెక్ భాషల్లో. బల్గేరియన్‌లో "గొప్ప రోజు".
• ఈస్టర్, ఓస్టర్న్ తరహా పేర్లు: ముఖ్యంగా ఇంగ్లిష్, జర్మన్ భాషల్లో.
• పక్క రాష్ట్రాల్లో: తమిళంలో "ఉయిర్ప్పు ఞాయిరు", మలయాళంలో "ఉయిర్ప్పు పెరున్నాళ్". ఉయిర్ అంటే ప్రాణం, మన ఉసురుకు చుట్టం.

ఈ లిస్ట్ చూస్తే ఒకటి అర్థమవుతుంది. దేవత వివాదం ఇంగ్లిష్, జర్మన్ పేర్లకే పరిమితం. ఆ దేవత కోసమే ఈ పండుగ పుట్టి ఉంటే మిగతా భాషలన్నింటిలోనూ ఆమె జాడ ఉండాలి.

అక్కడ తీసేస్తే కోపం, ఇక్కడ పెడితే కోపం

2017 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో ఒక చాక్లెట్ గుడ్ల ఆట పేరులోంచి "ఈస్టర్" అనే మాట తగ్గించారంటూ పెద్ద దుమారం రేగింది. క్యాడ్బరీ, నేషనల్ ట్రస్ట్ కలిసి నిర్వహించిన కార్యక్రమం అది. యార్క్ ఆర్చ్‌బిషప్ తప్పుపట్టారు. అప్పటి ప్రధాని థెరెసా మే కూడా విమర్శించారు. అక్కడ ఈస్టర్ అనే మాట లేకపోతే క్రైస్తవ విశ్వాసానికి అవమానం. ఇక్కడ అదే మాట పలికితే విశ్వాసానికి మచ్చ అంటున్నారు. మాట ఒక్కటే, చోటు మారింది.

2019 ఏప్రిల్ 21న, సరిగ్గా పండుగ ఆదివారం రోజునే శ్రీలంక చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలాయి. అమెరికా నేతలు ఒబామా, హిల్లరీ క్లింటన్ తమ సంతాప సందేశాల్లో "ఈస్టర్ ఆరాధకులు" అనడంతో, సూటిగా క్రైస్తవులు అని ఎందుకు అనలేదంటూ విమర్శలు వచ్చాయి. పేరు విషయంలో మనసు నొచ్చుకోవడం ఎక్కడైనా ఉంటుంది. అందుకే ఎదుటివారు తమను, తమ పండుగను ఏమని పిలుచుకుంటారో తెలుసుకోవడం మర్యాద.

అసలు పండుగే వద్దనే వాళ్లు?

ఉన్నారు. ఉదాహరణకు యెహోవా సాక్షులు ఈస్టర్ జరుపుకోరు. యేసు మరణాన్ని మాత్రం యూదుల నీసాను 14 లెక్క ప్రకారం జ్ఞాపకం చేసుకుంటారు. ఏటా ప్రత్యేక పండుగలు వద్దు, ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే అనే సంఘాలూ ఉన్నాయి. అది వారి నమ్మకం. దాన్ని గౌరవించాలి. కానీ దానికి ఇష్తార్ కథను సాక్ష్యంగా చూపిస్తే మాత్రం చరిత్ర ఒప్పుకోదు.

గుడ్లు, కుందేళ్ల సంగతి కూడా అంతే. పూర్వం లెంట్ ఉపవాస దినాల్లో గుడ్లు తినేవారు కాదు. ఉపవాసం ముగిశాక పోగైన గుడ్లతో విందు చేసుకునేవారు. కుందేలు జర్మనీ జానపద ఆచారం, 17వ శతాబ్దం చివర్లో రాతల్లో కనిపిస్తుంది. రెండూ లేకుండానే తెలుగు ఊళ్లలో పండుగ బ్రహ్మాండంగా జరుగుతుంది.

మరి ఎవరికి ఎలా విష్ చేయాలి?

• ఏ సంఘమో తెలియకపోతే: "పునరుత్థాన పండుగ శుభాకాంక్షలు" లేదా "హ్యాపీ ఈస్టర్". మామూలుగా రెండూ చెల్లుతాయి.
• కాథలిక్ మిత్రులకు: "పాస్కా పండుగ శుభాకాంక్షలు" అంటే సంతోషిస్తారు.
• ఈస్టర్ అనే మాట వద్దనే వారికి: వాదన పెట్టుకోకుండా పునరుత్థాన పండుగ అనండి. అర్థం తగ్గదు.
• ఉర్దూలో: "ఈద్ ఎ ఖియామత్ ఉల్ మసీహ్ ముబారక్".
• గుడ్ ఫ్రైడే రోజు మాత్రం "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అనొద్దు. అది యేసు మరణాన్ని తలచుకునే రోజు. ఏటా కొందరు నేతలు కూడా ఈ పొరపాటు చేస్తుంటారు. ఆ పేరులోని గుడ్‌కు పాత ఇంగ్లిష్‌లో పవిత్రమైన అనే అర్థం ఉంది.

చివరగా ఒక్క మాట. "అసలు పేరు" అంటే మొదటి పేరు అనుకుంటే జవాబు పస్కా. అర్థం సూటిగా చెప్పే తెలుగు పేరు కావాలంటే పునరుత్థాన పండుగ. ఎక్కువమందికి ఠక్కున అర్థమయ్యేది ఈస్టర్. ఈ మూడింట్లో మీకు నచ్చింది ఎంచుకోవచ్చు, ఎందుకు నచ్చిందో చెప్పొచ్చు. కానీ రెండో పేరు పలికినవాళ్లు దేవతను పూజిస్తున్నారని నింద వేయడానికి మాత్రం చరిత్రలో ఆధారం లేదు. ఈసారి అలాంటి మెసేజ్ మీకు వస్తే ఫార్వర్డ్ చేసే ముందు పాలికార్ప్, అనిసేటస్‌ల సంగతి గుర్తు చేసుకోండి. వాళ్లకు పండుగ ఏ రోజు చేయాలన్న దానిపైనే ఏకాభిప్రాయం కుదరలేదు. అయినా ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.